ఇంటిగుట్టుకు నాలుగంకాలు



మాస్టారికి పొగడ్తలంటే గిట్టదు. రిహార్సల్లో ఎవరైనా ప్రాణం పెట్టి చేస్తే "ఊఁ, తర్వాత" అనేవారు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన దగ్గర ఎవరికీ దొరకలేదు. అందుకని ఆయన పేరిట జరుగుతున్న ఈ ఉపన్యాసంలో ఆయన్ని పొగిడి ఇబ్బంది పెట్టను. ఆయన ఏళ్ల తరబడి పాఠం చెప్పి, ఒక్కసారి కూడా వేదిక ఎక్కించలేకపోయిన నాటకం ఒకటుంది. యూజీన్ ఓనీల్ రాసిన 'లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్'. ఇవాళ దాని గురించి మాట్లాడతాను.

ఇంగ్లీషు ఎం.ఏ. చదివినవాళ్లకు ఇది పరీక్ష ప్రశ్నగా గుర్తుంటుంది. రచయిత సొంత కుటుంబం ఈ నాటకంలో ఎలా కనిపిస్తుందో చర్చించమంటారు. మనం ఎడమవైపు ఓనీల్ కుటుంబాన్నీ, కుడివైపు టైరన్ కుటుంబాన్నీ రాసి గీతలు కలుపుతాం. ఇక్కడా నటుడైన తండ్రే, అక్కడా నటుడైన తండ్రే. మార్ఫిన్‌కు అలవాటుపడ్డ తల్లి, తాగుబోతు అన్న, క్షయ తగిలిన తమ్ముడు. గీతలన్నీ చక్కగా కలుస్తాయి, మార్కులూ వస్తాయి. నా అభ్యంతరం ఒక్కటే. డబ్బు దగ్గర గీచి గీచి బేరమాడే తండ్రి, లోలోపల కుమిలిపోయే తల్లి, సీసా వదలని కొడుకు లేని వీధి ఏ ఊళ్లో ఉంది? కష్టాలు పడితేనే విషాద నాటకం పుట్టేటట్టయితే వీధికో ఓనీల్ ఉండాలి. లేడు. కాబట్టి ఆ ఇంట్లో ఏం జరిగిందన్నది సగం సంగతే. జరిగినదాన్ని పట్టుకుని ఆయన ఏం చేశాడు, దేన్ని దాచాడు, దేన్ని తారుమారు చేశాడు, ఎవరి తరఫున వాదించాడు అన్నది మిగతా సగం. నాకు ఆ రెండో సగం మీదే ఎక్కువ ఆసక్తి.

అయినా ఇల్లు చూడకుండా నాటకం చూడలేం.

తండ్రి జేమ్స్ ఓనీల్ ఐర్లండ్‌లో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరాడు. అతని తండ్రి కుటుంబాన్ని అక్కడే వదిలేసి ఐర్లండ్ తిరిగివెళ్లి చనిపోయాడు. పరాయి దేశంలో, ఆకలిలో పెరిగిన పిల్లవాడు కంచుగొంతు, మంచి రూపం పెట్టుబడిగా నాటకాల్లోకి వచ్చాడు. 1874లో షికాగోలో ఆ కాలపు మహానటుడు ఎడ్విన్ బూత్‌తో కలిసి 'ఒథెల్లో' ఆడాడు. ఒక రాత్రి ఇతను ఒథెల్లో, ఆయన ఇయాగో; మర్నాడు పాత్రలు తారుమారు. షేక్‌స్పియర్ నటుడిగా వెలుగుతాడనుకున్నారంతా. 1883లో 'కౌంట్ ఆఫ్ మాంటి క్రిస్టో' నాటకంలో ఎడ్మండ్ డాంటెస్ వేషం కట్టాడు. జనం విరగబడ్డారు. నాటకం హక్కులు తనే కొనుక్కున్నాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో అదే వేషం నాలుగు వేల సార్లకు పైగా వేశాడు. కాటిసీనుకు పేరుపడ్డ మన హరిశ్చంద్రుణ్ణి ఇంకో వేషంలో చూడటానికి జనం టిక్కెట్టు కొనేవారా? అతని గతీ అంతే. డబ్బు వచ్చింది, నటుడు పోయాడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు.

తల్లి ఎల్లా క్విన్లన్ ఉన్న ఇంటి పిల్ల. ఇండియానాలో కాన్వెంటు చదువు, పియానోలో మంచి ప్రవేశం. 1877లో ఈ నటుణ్ణి ప్రేమించి పెళ్లాడింది. నటుడి భార్యంటే రైలుపెట్టెలో కాపురం. ఊరూరా హోటలు గది. చుట్టం రాదు, స్నేహితురాలు రాదు. పెద్దకొడుకు జేమీ 1878లో పుట్టాడు, రెండోవాడు ఎడ్మండ్ 1883లో. పిల్లల్ని తన తల్లి దగ్గర ఉంచి, భర్త రమ్మంటే ఆమె అతని వెంట ప్రదర్శనలకు వెళ్లింది. ఇక్కడ ఆరేళ్ల జేమీకి తట్టు పోసింది. వద్దన్నా పసివాడి గదిలోకి వెళ్లాడు. 1885 మార్చిలో పసివాడు పోయాడు.

మూడేళ్లు గడిచాక, 1888 అక్టోబరు 16న, న్యూయార్క్ బ్రాడ్‌వే మీద ఒక హోటలు గదిలో మూడోవాడు పుట్టాడు. అతనే యూజీన్. కాన్పు కష్టమైంది. నొప్పికి డాక్టరు మార్ఫిన్ ఇచ్చాడు. అది ఆమెను పాతికేళ్లు వదల్లేదు. అంటే ఈ పిల్లవాడు పుట్టడమే తల్లి జబ్బుకు కారణంగా పుట్టాడు. ఆ సంగతి అతనికి చాలా కాలం తెలీదు. అమ్మ ఎందుకు పగలంతా గది తలుపేసుకుంటుందో, ఎందుకు ఉన్నట్టుండి చిన్నపిల్లలా మాట్లాడుతుందో అర్థమయ్యేది కాదు. 1903 వేసవిలో ఒక రాత్రి మందు అయిపోయి, రాత్రిగౌను మీదే ఆమె నదిలో పడటానికి పరుగెత్తింది. అప్పుడు చెప్పారు. అతనికి ఇంకా పదిహేనేళ్లు నిండలేదు. అదే ఏడాది దేవుడి మీద నమ్మకం పోగొట్టుకున్నాడు. మళ్లీ రాలేదు.

ఇది జరిగింది కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే రేవు ఊళ్లో. ఆ కుటుంబానికి ఇల్లు అనదగ్గది అదొక్కటే, అదీ వేసవికి మాత్రమే. తండ్రికి అన్నం పెట్టిన వేషం పేరే దానికీ పెట్టారు, 'మాంటి క్రిస్టో కాటేజ్' అని. ఇవాళ అది మ్యూజియం.

1912కి వద్దాం. యూజీన్ వయసు 23. అప్పటికే ఓడల్లో కళాసీగా తిరిగాడు, రేవుల పక్క సారా కొట్ల మీది గదుల్లో పడుకున్నాడు, ఆ ఏడాది మొదట్లో నిద్రమాత్రలు మింగి చావబోయాడు. వేసవికి ఇంటికొచ్చి ఊరి పత్రికలో విలేకరిగా చేరాడు. దగ్గు మొదలైంది. క్షయ అన్నారు. తండ్రి అతన్ని ముందు ప్రభుత్వ శానిటోరియంకి పంపాడు. రెండు రోజుల్లో అక్కణ్ణుంచి వచ్చేశాడు. డిసెంబరు 24న గేలార్డ్ ఫార్మ్ అనే మరో శానిటోరియంలో చేర్చారు. అక్కడి మంచం మీదే స్ట్రిండ్‌బర్గ్‌ను చదివాడు. నాటకకర్త కావాలనుకున్నదీ అక్కడే. 1936లో నోబెల్ వచ్చినప్పుడు కూడా తన అప్పు స్ట్రిండ్‌బర్గ్‌కేనని ఒప్పుకున్నాడు. పెళ్లిని రణరంగంగా చూపించడంలో ఆ స్వీడన్ రచయిత అందరికీ గురువు.

తర్వాత చావులు వరస కట్టాయి. 1920 ఆగస్టులో తండ్రి. 1922 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో తల్లి. ఆమె శవపేటికను రైల్లో న్యూయార్క్ తెచ్చిన జేమీ దారంతా తాగుతూనే ఉన్నాడు. 1923 నవంబరులో అతనూ పోయాడు, 45 ఏళ్లకే. నాలుగేళ్లు తిరక్కుండా ఆ ఇంట్లో మిగిలింది యూజీన్ ఒక్కడే.

ఈ చావులైన వెంటనే ఆయన తన ఇంటి కథ రాసేశాడా? రాయలేదు. రాయబోయి ముసుగులు కప్పాడు. 1924లో వచ్చిన 'ఆల్ గాడ్స్ చిలన్ గాట్ వింగ్స్' ఒక నల్లజాతి యువకుడు, ఒక తెల్లజాతి యువతి పెళ్లి కథ. దాని గురించి అమెరికాలో పెద్ద రభస జరిగింది. ఆ రభసలో చాలామంది గమనించని సంగతి, ఆ దంపతుల పేర్లు జిమ్, ఎల్లా. తన తల్లిదండ్రుల పేర్లే. మాస్టారు ఈ పేర్లు బోర్డు మీద రాసి, ఏమీ చెప్పకుండా కాసేపు నిలబడేవారు. అదే ఏడాది వచ్చిన 'డిజైర్ అండర్ ది ఎల్మ్స్'లో తల్లిని చాకిరీతో చంపిన లోభి తండ్రి, అతని మీద కత్తి నూరే కొడుకు. 1931లో 'మోర్నింగ్ బికమ్స్ ఎలెక్ట్రా'. గ్రీకుల ఎలెక్ట్రా కథను అమెరికా అంతర్యుద్ధం తర్వాతి రోజుల్లోకి తెచ్చాడు. అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు, మంచి విషాద నాటకాలు కొద్ది కుటుంబాల చుట్టూనే తిరుగుతాయనీ, శత్రువు శత్రువును చంపితే జాలి పుట్టదు గానీ అయినవాడు అయినవాణ్ణి చంపితే పుడుతుందనీ. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరున్న ధర్మవరం రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర'లో కూడా కొడుకు కాళ్లూ చేతులూ నరకమన్నది కన్నతండ్రే కదా. ఓనీల్ ఆ పాఠం బాగానే వంటబట్టించుకున్నాడు. అయితే ఈ నాటకాలన్నింట్లోనూ ఒక లోపం నాకు కనిపిస్తుంది. అవి ఫిర్యాదులు. తండ్రి మీద కొడుకు వేసిన దావాలు. గొప్ప దావాలే, కాదనను. కానీ ప్రతివాది మాట సరిగా వినిపించదు.

నడుమ 1933లో 'ఆ, విల్డర్‌నెస్!' అని ఒక హాస్య నాటకం వచ్చింది. అదే ఊరు, అదే రకం ఇల్లు. తండ్రి మంచివాడు, తల్లి నవ్వుతూ వంటింట్లో ఉంటుంది. తనకు దొరకని ఇంటిని కాగితం మీద కట్టుకున్నాడు. అది మంచి ప్రదర్శన కాగల నాటకం, అంతకు మించి చెప్పను.

1939 వేసవిలో, యాభై ఏళ్లు దాటాక, కాలిఫోర్నియాలో డాన్విల్ కొండల దగ్గర టావో హౌస్ అనే ఇంట్లో కూచుని ముసుగు తీశాడు. తలుపులు వేసుకుని రాసేవాడు. సాయంత్రం బయటికొచ్చేసరికి ఏడ్చి కళ్లెర్రబడి ఉండేవనీ, పొద్దున లోపలికెళ్లిన మనిషికంటే పదేళ్లు ముసలివాడిలా కనిపించేవాడనీ మూడో భార్య కార్లోటా చెప్పింది. అప్పటికే చేతులు వణుకుతున్నాయి. చీమతలకాయల్లాంటి అక్షరాలు. ఆమె భూతద్దం పెట్టి చదివి టైపు చేసేది. చెబుతూ రాయించడం ఆయనకు చేతకాలేదు. పెన్సిలు కాగితం మీద కదిలితేనే మాట వచ్చేది. వణుకు ముదిరి 1943 తర్వాత కొత్త నాటకమేదీ రాయలేకపోయాడు. 1941 జులై 22న, పెళ్లిరోజున, ఈ నాటకం రాతప్రతిని కార్లోటాకు అంకితమిచ్చాడు. చనిపోయిన తనవాళ్లను ఇన్నాళ్లకు ఎదురుగా చూడగలిగాననీ, నలుగురినీ క్షమించగలిగాననీ అందులో రాసుకున్నాడు. నలుగురు అన్నాడు. చనిపోయినవాళ్లు ముగ్గురు. నాలుగోవాడు తను.

నాటకం ఒక్కరోజు కథ. 1912 ఆగస్టు, పొద్దున ఎనిమిదిన్నరకు మొదలై అర్ధరాత్రికి ముగుస్తుంది. నాలుగు అంకాలు, ఒకే గది, నలుగురు మనుషులు, ఒక పనిమనిషి. మార్ఫిన్ మానేసి ఇంటికొచ్చిన తల్లి మేరీ మళ్లీ మొదలుపెట్టిందని భర్తకూ కొడుకులకూ ఒక్కొక్కరికే తెలుస్తుంది. చిన్నకొడుకు ఎడ్మండ్‌కు క్షయ అని తేలుతుంది. కథంటే ఇంతే.

ఇప్పుడు తారుమారు చేసినవాటి దగ్గరికి వద్దాం. అన్నింటికంటే నన్ను వెంటాడేది పేర్ల మార్పిడి. జీవితంలో పసితనంలోనే పోయిన అన్న ఎడ్మండ్. బతికిన తమ్ముడు యూజీన్. నాటకంలో బతికున్నవాడికి ఎడ్మండ్ అని పేరు పెట్టి, చచ్చిపోయిన పసివాడికి యూజీన్ అని తన పేరు పెట్టుకున్నాడు. రెండో అంకంలో మేరీ తన చచ్చిపోయిన బిడ్డను యూజీన్ అని తలుచుకున్న ప్రతిసారీ, రాస్తున్నవాడు తన పేరును చచ్చినవాడి పేరుగా తల్లి నోట వింటున్నాడన్నమాట. ఆ అన్న పోకపోతే తను పుట్టేవాడు కాడు. తను పుట్టకపోతే తల్లికి ఆ జబ్బు వచ్చేది కాదు. ఈ లెక్కను ఏ సంభాషణలోనూ నేరుగా చెప్పలేదు. పాత్రలకు పేర్లు పెట్టడంలోనే చెప్పేశాడు.

తర్వాత దాచినవి. నిజంగా 1912లో యూజీన్ పెళ్లైనవాడు. 1909లో కాథ్లీన్ జెంకిన్స్‌ను పెళ్లాడాడు, మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు, ఇద్దర్నీ వదిలి ఓడెక్కాడు. నాటకం జరిగే ఆ 1912లోనే విడాకులూ అయ్యాయి. నాటకంలోని ఎడ్మండ్‌కు భార్య లేదు, బిడ్డ లేడు. తండ్రి పాపాలన్నీ గదిలో లెక్కకొచ్చాయి గానీ తను తండ్రిగా చేసిన పాపం మాత్రం గడప దాటి లోపలికి రాలేదు. దీన్ని కళ కోసం చేసిన కుదింపు అని కొందరు సమర్థిస్తారు. కొంతవరకు నిజమే, నాలుగు గోడల మధ్య ఐదో కథ ఇమడదు. కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. ఎడ్మండ్ ఈ నలుగురిలో చాలా పలచన పాత్ర. వింటాడు, దగ్గుతాడు, కవిత్వం చెబుతాడు. మిగతా ముగ్గురికున్న రక్తమాంసాలు అతనికి లేకపోవడానికి కారణం ఈ దాపరికమేననుకుంటాను.

ఇంకో మార్పు కాలంలో చేశాడు. నిజజీవితంలో తల్లి ఓడిపోలేదు. 1914లో ఒక కాన్వెంటులో ఉండి ఆ అలవాటును పూర్తిగా వదిలించుకుంది. తర్వాత ఎనిమిదేళ్లు నిబ్బరంగా బతికింది, భర్త పోయాక ఆస్తి వ్యవహారాలు తనే చక్కబెట్టుకుంది. తల్లి మానేసిందని జేమీ కూడా కొన్నాళ్లు తాగుడు మానాడు. ఈ సంగతులన్నీ ఓనీల్‌కు తెలుసు. అయినా గడియారాన్ని 1912 అర్ధరాత్రి దగ్గర ఆపేశాడు. కుటుంబ చరిత్ర రాసేవాడైతే మిగతా పదేళ్లు రాయాలి. నాటకకర్త ఎక్కడ ఆపాలో తేల్చుకుంటాడు. ఆ ఆపడంలోనే విషాదం ఉంది.

సరే, ఫిర్యాదు ఎక్కడ విచారణగా మారింది? నాలుగో అంకంలో. దీన్ని కాస్త వివరంగా చెప్పనివ్వండి.

అర్ధరాత్రి. పైన మేరీ మందు మత్తులో నడుస్తున్న అడుగుల చప్పుడు. కింద తండ్రీ చిన్నకొడుకూ పేకముక్కలు పట్టుకుని ఆడకుండా తాగుతున్నారు. కొడుకు వస్తూ హాల్లో దీపం ఆర్పలేదు. కరెంటు బిల్లు ఎవడు కడతాడని తండ్రి గొడవ. మాట పెరుగుతుంది. రోషమొచ్చి తండ్రి లేచి, నెత్తిమీది దీపాల గుత్తిలో బల్బులన్నీ తనే వెలిగిస్తాడు, పోతే పోనీ డబ్బు అంటూ. తర్వాత అసలు గొడవ బయటికొస్తుంది. క్షయ వచ్చిన కన్నకొడుకును ధర్మాసుపత్రిలాంటి చోటికి పంపుతావా అని కొడుకు నిలదీస్తాడు. ఇక్కడిదాకా మనం కొడుకు పక్షాన ఉంటాం. అప్పుడు ముసలాయన తన చిన్నతనం చెబుతాడు. పదేళ్లప్పుడు తండ్రి వదిలేసి పోతే, రోజుకు పన్నెండు గంటలు ఆకురాళ్లు తయారుచేసే కార్ఖానాలో, వారానికి యాభై సెంట్ల కూలి. ఇతరుల ఇళ్లు తుడిచే తల్లి. డాలరు విలువ ఎక్కడ నేర్చుకున్నాడో చెబుతాడు. అక్కడితో ఆగడు. ఆ భయంతోనే ఒక డబ్బుల వేషాన్ని పట్టుకుని, అయ్యుండగలిగిన నటుణ్ణి చంపుకున్నానని కొడుకు దగ్గర మొదటిసారి ఒప్పుకుంటాడు. బూత్ తనను మెచ్చుకున్న మాటను మేనేజరు చేత కాగితం మీద రాయించి ఏళ్ల తరబడి పర్సులో పెట్టుకు తిరిగాడట. ఆ కాగితం ఇప్పుడెక్కడుందో తెలీదు. అటక మీద అమ్మ పెళ్లిగౌను ఉన్న పెట్టెలోనే ఉండుంటుందిలే అంటాడు కొడుకు.

అంతా చెప్పాక, కొడుకు మనసు కరిగాక, ముసలాయన ఏం చేస్తాడు? లేచి, ఊరికే వెలుగుతున్నాయి కదా అని ఆ బల్బుల్ని ఒక్కొక్కటే ఆర్పేస్తాడు.

ప్రపంచ నాటకసాహిత్యంలో నాకు చాలా ఇష్టమైన రంగచర్య ఇది. పశ్చాత్తాపం నిజమే. పిసినారితనమూ నిజమే. మొదటిది రెండోదాన్ని కడిగెయ్యలేదు. పాతికేళ్ల కొడుకు రాసి ఉంటే బల్బులు వెలగగానే తెర దించేవాడు, లేదా ముసలాయన ఏడుస్తుంటే దించేవాడు. యాభై ఏళ్లవాడు, తనూ తండ్రైనవాడు, ఆ స్విచ్చుల దాకా ఆగగలిగాడు. ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ నవ్వులో ఆ మనిషి మీద కోపం పోతుంది.

జేమీకీ ఇలాంటి న్యాయమే జరిగింది. తాగొచ్చి తమ్ముడితో అంటాడు, నిన్ను చెడగొట్టింది కావాలనే చేశాను, నువ్వు పైకొస్తే నేను చిన్నవాణ్ణవుతానని, నన్ను నమ్మకు అని. పగ ఉన్నవాడే పగ గురించి హెచ్చరిస్తున్నాడు. దీన్ని మించిన ప్రేమ అతని దగ్గర లేదు.

ఇక తల్లి. ఈ ఇంట్లో నేరం చేతులు మారుతూ ఉంటుంది, ఎవరి దగ్గరా నిలవదు. పసివాడు పోవడానికి కారణం జేమీ అంటుంది మేరీ, ఏడేళ్ల పిల్లవాడు కావాలనే ఆ గదిలోకి వెళ్లాడని. కాదు, బిడ్డను వదిలి వెళ్లిన నేనే అంటుంది. కాదు, రమ్మని ఉత్తరాలు రాసిన భర్త అంటుంది. మార్ఫిన్‌కు కారణం చవక డాక్టరు. చవక డాక్టరుకు కారణం భర్త లోభం. లోభానికి కారణం పదేళ్ల వయసులో చేసిన కూలి. ఆ కూలికి కారణం ఐర్లండ్‌కు పారిపోయిన తాత. ఎంతదూరం వెళ్లినా దొంగ దొరకడు. కర్మ అని మనం ఒక్క మాటతో తేల్చేస్తాం. ఓనీల్ ఆ మాట వాడకుండా ప్రతి ముడినీ విప్పి చూపించి, మళ్లీ వేశాడు. చివర మేరీ అటక మీది పెట్టెలోంచి పెళ్లిగౌను తీసి, నేల మీద ఈడ్చుకుంటూ కిందికొస్తుంది. కొడుకు వేళాకోళంగా అన్న ఆ పెట్టెలోదే. ఆమె ఇప్పుడు కాన్వెంటు పిల్ల. సన్యాసిని కావాలనుకుంటున్న పిల్ల. ఎదురుగా ఉన్న ముగ్గురు మగవాళ్లూ ఆమెకింకా పుట్టలేదు.

ఈ నాటకానికి ఓనీల్ తాళం వేశాడు. 1945 నవంబరులో లక్కముద్రలు వేసి ర్యాండమ్ హౌస్ ప్రచురణ సంస్థకు అప్పగించాడు. తను పోయాక పాతికేళ్లకు గానీ అచ్చు వెయ్యకూడదు, ఎన్నడూ ప్రదర్శించకూడదు అని షరతు. 1953 నవంబరు 27న బోస్టన్‌లో పోయాడు, పుట్టినట్టే హోటలు గదిలో. కార్లోటా అచ్చు వెయ్యమంది. ప్రచురణకర్త బెనెట్ సెర్ఫ్ మాట ఇచ్చాను, వెయ్యను అన్నాడు. హక్కులు ఆమెవి కనక ప్రతి తీసుకుని యేల్ విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. 1956 ఫిబ్రవరి 10న స్టాక్‌హోమ్‌లో స్వీడిష్ భాషలో తొలి ప్రదర్శన, ఆ నెలలోనే పుస్తకం, నవంబరు 7న బ్రాడ్‌వే. 1957లో పులిట్జర్, చనిపోయినవాడికి.

పెద్దకొడుకు కోరాడని ఓనీల్ దాన్ని దాచాడనీ, ఆ కొడుకే 1950లో పోయాడు కనక ఇక దాచక్కర్లేదనీ కార్లోటా వాదన. అది నిలవదు. కొడుకు పోయిన మరుసటి ఏడాది కూడా, వద్దంటే వద్దని ఓనీల్ సెర్ఫ్‌కు ఉత్తరం రాశాడు. ఇంటిగుట్టు లంకకు చేటంటారు. లంకలో ఎవరూ మిగలని ఇంటిగుట్టు ఎవరికి చేటు? ఆమె చేసింది మాట తప్పడమే. పాఠకుడిగా ఆమెకు రుణపడి ఉన్నాను. ఈ రెండు వాక్యాలనూ సమన్వయం చెయ్యాలని నేను ప్రయత్నించను.

ఇక చెప్పడానికి మనసొప్పని భాగం. 1943లో ఓనీల్ అన్న జేమీ కోసం 'ఎ మూన్ ఫర్ ది మిస్‌బిగాటన్' పూర్తిచేశాడు. తల్లి శవంతో రైల్లో వస్తూ అతను చేసిన పనులన్నింటికీ అందులో క్షమాభిక్ష పెట్టాడు. ఆ ఏడాది జూన్‌లోనే 18 ఏళ్ల కూతురు ఊనా చార్లీ చాప్లిన్‌ను పెళ్లాడింది. అల్లుడికీ మామకూ అప్పుడు 54 ఏళ్లే. మామకంటే అల్లుడు ఆరు నెలలు చిన్న. ఓనీల్ కూతురి ముఖం మళ్లీ చూడలేదు. కొడుకు షేన్ హెరాయిన్‌కు బానిసయ్యాడు. మత్తుమందుకు బానిసైన తల్లిని అంత దయతో రాసినవాడు అదే జబ్బు పడ్డ కొడుకుతో తెగతెంపులు చేసుకున్నాడు. వీలునామాలో షేన్, ఊనా ఇద్దరి పేర్లూ రాసి మరీ వాటా లేదన్నాడు. పెద్దకొడుకు యూజీన్ జూనియర్ గ్రీకు సాహిత్య పండితుడు, యేల్‌లో పాఠం చెప్పినవాడు. 1950 సెప్టెంబరులో ఆత్మహత్య చేసుకున్నాడు. నాటకంలోకి రానివ్వని ఆ పసివాడు అతనే.

రాస్తే మనసు కడుక్కుపోతుందని, మనిషి మారతాడని అనుకునేవాళ్లు ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. నాటకం చచ్చినవాళ్లకు న్యాయం చేసింది. బతికున్నవాళ్లకు ఏమీ చెయ్యలేదు. అందువల్ల నాటకం విలువ తగ్గదు. రచయిత మీద మనకున్న భక్తి మాత్రం కాస్త తగ్గాలి, తగ్గడం మంచిదే.

ఈ సభలో పరిషత్తులకు నాటకాలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. మీతో ఒక మాట. మన కుటుంబ నాటికల్లో వృద్ధాశ్రమంలో చేర్చిన తల్లిదండ్రులు, అమెరికా నుంచి ఫోను మాత్రమే చేసే కొడుకు, మామగారి మంచం వసారాలో వేయించే కోడలు వరసగా వస్తున్నారు. వస్తువు నిజమైనదే. అయితే తెర లేచిన ఐదు నిమిషాలకే దోషి ఎవరో తేలిపోతుంది, మిగతా ముప్పావుగంట శిక్ష అమలు. ఆ కొడుక్కి ఒక్కసారి నాలుగో అంకం ఇచ్చి చూడండి. ఆ కోడలిని ఆమె లెక్క చెప్పనివ్వండి. చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలీక ప్రేక్షకుడు కాస్త ఇబ్బంది పడితే పడనివ్వండి.

హాలీవుడ్ నటి హెప్బర్న్ మేరీగా వేసిన 1962 సినిమా బాగుంటుంది, దాంతో సరిపెట్టుకోకండి. మాస్టారి ప్రతి, అంచుల్లో ఆయన పెన్సిలు రాతలతో సహా, కాలేజీ లైబ్రరీలోనే ఉంది. ఎవరైనా అడిగి తీసుకుని, నాలుగో అంకాన్ని తెలుగు చేసి, ఇద్దరు నటులను, ఒక పేకముక్కల కట్టను, నాలుగు బల్బులను పెట్టుకుని ఆడండి. ఖర్చు సంగతి మేం పాత విద్యార్థులం చూసుకుంటాం.